జత

మొహం చూడొద్దురా, అడుగు చూడు, అనేవాడు జిలానీ సాయిబు.
మొహానికి ఎవడైనా రంగు పూస్తాడు.
అడుగున కుమ్మరి తొందర ఉంటుంది,
ఆవంలో అంటుకున్న ఇసక ఉంటుంది,
గాజుపూత అందకుండా మిగిలిపోయిన ఒక వలయం.
దాని మీద నాలుక కొన పెట్టు.
మట్టి నిన్ను కాస్త పట్టుకోవాలి.

నెల్లూరు చిన్నబజారులో, గాజుల అంగళ్ల వెనక,
ఆరడుగుల గదిలో
ముప్పై ఏళ్లుగా నేను నాకిన పళ్లేల్లో
నిజమైనవి పదకొండు.
మిగిలినవి
టీ డికాషన్‌లో నానబెట్టి ముసలితనం తెప్పించినవి,
భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా విడిపోయే
అచ్చు గులాబీలు,
మా తాత రంగూను నించి తెచ్చాడని ఒట్టేసి చెప్పిన
గూడూరు కప్పులు.

గీతలు కూడా చదవాలి.
నిజంగా అన్నం ఎరిగిన పళ్లేనికి
గరిటె దిగిన వైపే గీతలెక్కువ.
దొంగది చుట్టూ సమానంగా, ఓపిగ్గా అరిగి ఉంటుంది,
ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ ఆకలి వెయ్యనట్టు.

మొన్న మంగళవారం
జువ్వలదిన్నె నించి పామంజి గోవిందమ్మ వచ్చింది.
చిరిగిన వల ముక్కలో చుట్టిన పళ్లెం.
బల్ల మీద పెట్టిందో లేదో
గదంతా ఎండుచేపల వాసన.

నీలం. మధ్యలో కొంగ లాంటిదేదో.
కుంచె ఆగి ఆలోచించిన చోట
నీలం గడ్డకట్టి నల్లబడింది.
ఒక సగం మెరుస్తోంది, ఒక సగం మసక.
సముద్రం అడుగున ఏ పక్కకి తిరిగి పడుకుందో
చూడగానే తెలుస్తోంది.
అంచున వేరుశెనగ గింజంత గవ్వపెంకు.
గీకినా రాలేదంట, కొడవలితో.

"దీంట్లో ఏం పెడతావు?"
"కోళ్లకు నూకలు."

తిప్పాను.
మడమ నిండా ఇసక, గరుకు గరుకుగా.
నాలుకని పట్టుకుంది.
మూడు వేళ్ల మీద నిలబెట్టి గోటితో తట్టాను.
మోత లేచి గది దాటింది.
బయట గాజులు సర్దుకుంటున్న పిల్ల
ఎవరో పిలిచారని తల తిప్పింది.

పన్నెండోది.

"అమ్ముతావా?" అన్నాను, ఆవలింత నటిస్తూ.
"అమ్మను."
"మరి యాభై మైళ్లు ఎందుకొచ్చినట్టు?"
"దీని జతది పోయినేడు ఇచ్చేసినా సామీ.
స్టీలు సామాన్ల బండోడు, ఒక బేసిను చేతిలో పెట్టి తీసకపోయె.
ఎంతకు మోసపోయినానో తెలుసుకుందామని వచ్చినా."

ఆ బండివాడు నా మనిషి.
ఆ బేసిను నా డబ్బుతో కొన్నది.
నా పదకొండో పళ్లెం మద్రాసు వెళ్లి
ఈ ఫ్యాను అయింది, ఈ ఇనప షట్టరు అయింది,
మా చిన్నమ్మాయి పళ్లకు కమ్మీ అయింది.

ధర ఎలా కడతారో ఆమెకు వివరంగా చెప్పాను.
మాటలు ఎక్కువైతే అంకె మరిచిపోతుందని.
ఇసక, గీత, మోత,
పెచ్చు లేస్తే ఎంత తగ్గుతుందో,
జత కలిస్తే రెండింతలు కాదు, నాలుగింతలని.
అక్కడ నోరు జారింది.

ఆమె వేళ్లు మడిచి లెక్క వేసుకుంది.
"అయితే అది పోబట్టి ఇది కూడా తగ్గినట్టే గదా."

నేను ఫ్యాను కేసి చూశాను.

"అంకె చెప్పు."
అసలుదాంట్లో సగం చెప్పాను.
ఆ సగానికే కూర్చున్న స్టూలు పట్టుకుంది.

కాసేపు నా మొహం చూసింది.
తర్వాత, నేను తట్టినట్టే గోరు వంచి,
బల్ల మీద, సరిగ్గా నా చెయ్యి పక్కన,
ఒక్కసారి తట్టి విన్నది.
టేకుబల్ల. మోత ఎక్కడిది.

"చూసినందుకు" అని పది రూపాయలు పెట్టి,
పళ్లేన్ని వలలో చుట్టుకుని
కావలి బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఆ నోటు గల్లాపెట్టెలో విడిగా ఉంచాను.
పెట్టె తెరిచినప్పుడల్లా
మిగతా డబ్బుక్కూడా వాసన.